కంప్యూటరుకు ప్రాసెసర్ కొనేవారు తెలుసుకోదగిన సంగతులు

బెంగళూరులో కృష్ణరాజ మార్కెట్టుకు, పురభవనానికి చేరువలో ఉన్న సదర్ పత్రప్ప రోడ్డును జనం ఎస్.పి. రోడ్డు అంటారు. కంప్యూటరు విడిభాగాలకు చెన్నైలో రిచీ స్ట్రీట్, ముంబైలో లామింగ్టన్ రోడ్డు ఎటువంటివో బెంగళూరుకు ఇది అటువంటిది. ఇక్కడి అంగళ్లలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం, హిందీ కూడా చెల్లుతాయి. కనుక అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు భాష పెద్ద అడ్డంకి కాదు. చిక్కు వస్తువు దగ్గరే వస్తుంది.

చీటీ పాడగా వచ్చిన ముప్పై అయిదు వేలు జేబులో పెట్టుకొని, కళాశాలలో చేరిన కూతురిని వెంటబెట్టుకొని వచ్చిన మేస్త్రీ ఒకరు అంగడి ముందు నిలబడి, "అన్నా, ఐ7 ఉండే కంప్యూటరు చూపించు" అని అడిగే దృశ్యం ఊహకు అందనిదేమీ కాదు. అడిగినదే దొరుకుతుంది. ఏదో కార్యాలయంలో వాడి తీసేసిన యంత్రం, దాని ముఖాన మెరిసే ఐ7 స్టిక్కరు, ధర పన్నెండు వేలు. ఇంకా ఇరవై మూడు వేలు మిగిలాయన్న సంతోషంతో తండ్రి ఇంటికి బయలుదేరతాడు. ఆ ఐ7 2012లో వెలువడిన మూడవ తరం ప్రాసెసర్ అన్న సంగతి, కళాశాలవారు చెప్పిన సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కనని మొరాయించిన నాడు గాని తెలియదు. అంగడివాడు అబద్ధం చెప్పలేదు. అది నిజంగానే ఐ7. అడగవలసిన ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చిన నష్టం అది.

పేరులో ఏముంది

ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్లకు పెట్టుకున్న అంతస్తులు. రైజెన్ 3, రైజెన్ 5, రైజెన్ 7 అన్నవి ఏఎండీ సంస్థవి. ఈ అంతస్తు ఒకే తరంలోని ప్రాసెసర్లను పోల్చుకొనడానికి మాత్రమే పనికివస్తుంది. బస్తా మీద సోనా మసూరి అని అచ్చువేసి ఉన్నంత మాత్రాన లోపలి బియ్యం ఏ సంవత్సరపు పంటవో తెలియదు. పైగా బియ్యం పాతబడితే మేలంటారు, ప్రాసెసర్‌కు ఆ సూత్రం వర్తించదు.

ఉదాహరణకు ఐ7-3770 అన్న ప్రాసెసర్‌ను తీసుకోవచ్చు. 2012లో వచ్చిన దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100కు కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. అంతస్తును బట్టి చూస్తే రెండవది రెండు మెట్లు తక్కువది. పనిని కొలిచే పరీక్షలలో మాత్రం అది మొదటిదానికి దాదాపు రెట్టింపు పని చేస్తుంది. పదేళ్ల కాలంలో ఒక్కొక్క కోరు ఒక్కొక్క క్షణంలో చేయగల పని అంతగా పెరిగింది. గిగాహెర్ట్జ్ సంఖ్యను మాత్రమే చూసి పోల్చేవారు కూడా ఇక్కడే పొరబడతారు. వేరువేరు తరాల ప్రాసెసర్లను ఆ అంకెతో తూచడం, చిన్న చెంబుతో పదిసార్లు పోసినవాడు పెద్ద బిందెతో ఎనిమిదిసార్లు పోసినవాడికన్నా ఎక్కువ నీళ్లు పోశాడని లెక్కకట్టడం వంటిది.

కనుక అంగడిలో అడగవలసినది పూర్తి సంఖ్య. ఇంటెల్ సంఖ్యలో ఐదంకెలుంటే మొదటి రెండు తరాన్ని తెలుపుతాయి: ఐ5-12400 అంటే పన్నెండవ తరం, 14400 అంటే పద్నాలుగవది. నాలుగంకెలే ఉండి 3770, 4570, 8100 వలె కనిపిస్తే మొదటి అంకె ఒక్కటే తరం. రైజెన్‌లో 5600, 7600 వంటి సంఖ్యల మొదటి అంకె శ్రేణిని చెబుతుంది. అయితే ల్యాప్‌టాప్ రైజెన్‌ల విషయంలో ఈ అంకెను గుడ్డిగా నమ్మరాదు. రైజెన్ 5 7520యు పేరుకు 7000 శ్రేణికి చెందినదైనా దాని లోపలి నిర్మాణం జెన్ 2 నాటిది, అంటే 2019లో మొదలైనది. కొత్త సీసాలో పాత కషాయం అన్నమాట. ఇంటెల్ కూడా 2023 చివరి నుండి కోర్ అల్ట్రా అన్న కొత్త పేర్లు ప్రవేశపెట్టి ఈ లెక్కను కొంత తారుమారు చేసింది.

తరం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క కారణం చాలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అంగీకరించేది ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదవ తరం నుండి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుండి మాత్రమే. అంతకు పూర్వపు యంత్రంలో ఏవో కిటుకులతో విండోస్ 11 ఎక్కించి ఇచ్చే అంగళ్లు లేకపోలేదు. ఆ యంత్రానికి ముందుముందు నవీకరణలు అందుతాయన్న హామీ ఏదీ లేదు. బ్యాంకు లావాదేవీలు, విద్యార్థి వేతనపు దరఖాస్తులు, ఆధార్ పత్రాలు ఆ యంత్రం మీదే నడిచే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. లైనక్స్ వాడడం తెలిసినవారికి మాత్రం పాత యంత్రం ఇప్పటికీ చవకగా అక్కరకు వస్తుంది. టైపింగుకు, ఇంటర్నెట్‌లో చదువుకొనడానికి అది సరిపోతుంది.

తోక అక్షరాలు

సంఖ్య చివర ఉండే ఆంగ్లాక్షరం వల్ల మోసపోయేవారు తరం వల్ల మోసపోయేవారికన్నా తక్కువేమీ కాదు. ఇంటెల్ సంఖ్య చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. ఐ5-12400కు, ఐ5-12400ఎఫ్‌కు తేడా అదొక్కటే. ఎఫ్ ధర కొంత తక్కువ. ఆ తక్కువ చూసి కొన్నవారు ఇంటికి వెళ్లి మానిటర్ తగిలిస్తే తెర మీద ఏమీ రాదు. అప్పుడు వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనవలసి వస్తుంది, మిగిల్చిన దానికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. ఏఎండీలో లెక్క వేరు. ఏఎం4 సాకెట్‌కు వచ్చే 5000 శ్రేణిలో చివర జి అక్షరం ఉన్న 5600జి వంటివాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. 5600కు, 5600ఎక్స్‌కు, 5500కు లేదు. ఏఎం5లో వచ్చే 7600 వంటివాటికి చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంటుంది, 7500ఎఫ్‌కు ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే ఆలోచన లేనివారు ఈ ఒక్క సంగతిని కాగితం మీద రాసుకొని వెళ్లడం మంచిది.

ఇంటెల్‌లో కె అక్షరం ఉన్నవి వేగాన్ని సొంతంగా పెంచుకొనదలచిన వారికోసం. వాటి పెట్టెలో చల్లబరచే ఫ్యాను రాదు. దానిని వేరుగా కొనాలి, వేగం పెంచడానికి ఖరీదైన మదర్‌బోర్డు కూడా కావాలి. సాధారణ గృహానికి అది అనవసరం.

పనికి తగిన ప్రాసెసర్

కోర్లు ఎన్ని ఉంటే అంత మేలన్న భావన సగమే నిజం. పెళ్లి వంటలో పది పొయ్యిలు వెలిగిస్తే పది వంటకాలు ఒకేసారి అవుతాయి; ఒక్క పులిహోర మాత్రమే కావలసినప్పుడు తొమ్మిది పొయ్యిలు ఊరికే మండుతాయి. వీడియో కూర్చడం, పెద్ద ప్రోగ్రాములను కంపైల్ చేయడం వంటివి పని పంచుకోగలిగినవి. వాటికి కోర్లు కావాలి. ట్యాలీ, వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ వంటివాటికి నాలుగు మంచి కోర్లు చాలు. తెలుగు శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ కేంద్రాలలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు నడుస్తున్నాయి. అటువంటి పాత ప్రోగ్రాములు ఎక్కువగా ఒక్క కోరు మీదే ఆధారపడతాయి. అక్కడ పన్నెండు కోర్ల యంత్రం పెట్టినా శుభలేఖ త్వరగా తయారు కాదు.

ఈ లెక్కన వాణిజ్యశాస్త్ర విద్యార్థికి, చిన్న అంగడి లెక్కలకు, ఆన్‌లైన్ తరగతులకు ఐ3-12100 స్థాయి ప్రాసెసర్ నాలుగైదేళ్లు నిశ్చింతగా పనిచేస్తుంది. ఇంజనీరింగు లేదా సాఫ్ట్‌వేర్ చదివేవారికి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు గల ఐ5-12400 గాని రైజెన్ 5 5600జి గాని చక్కని ఎంపిక. ఇవి రెండూ సరికొత్తవి కావు. ఆ కారణం చేతనే ధర దిగివచ్చి, మంచిచెడ్డలు లోకానికి తెలిసిపోయి ఉన్నాయి. 5600జిలోని గ్రాఫిక్స్ భాగం 12400లోని దానికన్నా ఆటలకు మెరుగు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారికి ఇంటెల్‌లోని క్విక్‌సింక్ అన్న సదుపాయం వీడియోను త్వరగా మార్చడంలో తోడ్పడుతుంది. కాబట్టి వారు 12400 వైపు మొగ్గడం న్యాయం. అయితే ఎఫ్ రకంలో ఈ సదుపాయం కూడా ఉండదు.

ఇక్కడే మరొక మాట. ప్రాసెసర్ మీద ఉన్న మోజు మిగిలిన భాగాల నోరు కట్టేస్తుంది. 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ పెట్టి ఐ7 కొనడం కన్నా 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెట్టి ఐ3 కొనడం ఎన్నో విధాల మేలు. రోజువారీ పనిలో ఆ తేడా తెలియనివారికి కూడా కళ్లకు కనిపిస్తుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌నే వాడుకునేవారు ఒక్క 16 జీబీ పలకకు బదులు రెండు 8 జీబీ పలకలు వేయించుకుంటే అదే ధరకు మరికొంత వేగం దక్కుతుంది. 2025 చివరి నెలల నుండి ర్యామ్ ధరలు బాగా పెరగడం వల్ల ఈ లెక్క ఇప్పుడు మరింత జాగ్రత్తగా వేసుకోవాలి. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే అంగీకరిస్తాయి. ఏఎం4 బోర్డులకు డీడీఆర్4 సరిపోతుంది. ఇంటెల్ 12, 13, 14 తరాలకు చెందిన ఎల్‌జీఏ 1700 బోర్డులలో రెండు రకాలూ ఉన్నాయి. ఇంట్లో పాత యంత్రపు డీడీఆర్4 ర్యామ్ పనిచేసే స్థితిలో ఉంటే దానికి పొసగే బోర్డును ఎంచుకొనడం తెలివైన పని.

ఇటీవల చవక యంత్రాలలో జియాన్ అన్న పేరు వినబడుతోంది. ఇవి పెద్ద సంస్థల సర్వర్లలో వాడి తీసేసినవి. జియాన్ ఇ5-2670 వి3 అన్నదానికి పన్నెండు కోర్లు, ఇరవై నాలుగు థ్రెడ్లు; సంఖ్య వినగానే నోరూరుతుంది. అది 2014 నాటిది. దానిలో గ్రాఫిక్స్ లేదు, విండోస్ 11 దానిని అధికారికంగా అంగీకరించదు, అది కూర్చునే కొత్త బోర్డులు ఎక్కువగా ఊరూపేరూ లేని తయారీలు. దాని విద్యుత్ పరిమితి 120 వాట్లు, 12400కు ప్రాథమికంగా 65 వాట్లు. గ్రాఫిక్స్ కార్డుతో కలిపి అరవై వాట్లు అదనంగా ఖర్చవుతుందని, రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు ఇరవై అయిదు రోజులు నడుస్తుందని అనుకుంటే, అది నెలకు 12 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలైతే ఏడాదికి వెయ్యి రూపాయలు. చవక అన్నది కొన్న రోజుతో ముగిసే లెక్క కాదు.

మన్నిక సంగతి

కంప్యూటరు భాగాలలో అరుదుగా చెడిపోయేది ప్రాసెసర్. యంత్రం ఆగిపోయినప్పుడు "ప్రాసెసర్ పోయింది" అని చెప్పే మెకానిక్ మాటను వెంటనే నమ్మనవసరం లేదు. విద్యుత్ సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు ముందుగా పోతాయి. మరొక యంత్రంలో పెట్టి చూపించమని అడిగే హక్కు యజమానికి ఉంది. పెట్టె మీద 450 వాట్లని అచ్చువేసి, ఎత్తి చూస్తే అట్టముక్కలా తేలికగా ఉండే ఎస్‌ఎంపీఎస్‌లు పెట్టడం అంగళ్లలో పాత అలవాటు. వోల్టేజి నిలకడగా లేని పేటలలో మంచి ఎస్‌ఎంపీఎస్, ఒక చిన్న యూపీఎస్ మీద పెట్టిన డబ్బు మిగిలిన యంత్రాన్నంతటినీ కాపాడుతుంది.

అయితే ప్రాసెసర్‌లు ఎన్నడూ చెడవని కూడా అనరాదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పెద్ద రకాలు కొన్ని ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని ఫిర్యాదులు రాగా, అవసరానికి మించిన వోల్టేజి వల్ల అవి క్రమంగా దెబ్బతింటున్నాయని ఆ సంస్థ 2024లో ఒప్పుకున్నది. 2024 ఆగస్టు నుండి బయాస్ ద్వారా అందే సవరణలు విడుదల చేసి, పెట్టెలో అమ్మిన ఆ ప్రాసెసర్లకు వారంటీని మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెంచింది. ఆ సవరణ ముందుముందు నష్టాన్ని ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్నదానిని బాగుచేయదు. అందుచేత ఆ తరాలకు చెందిన వాడిన ఐ7, ఐ9 కొనడం జూదమే. 12వ తరానికి ఈ జబ్బు లేదు. ఎవరైనా 13 లేదా 14వ తరపు పెద్ద ప్రాసెసర్ కొత్తది కొంటే, బయాస్ తాజాగా ఉన్నదో లేదో అంగడిలోనే అడిగి చేయించుకోవాలి.

వేడి మరొక శత్రువు. ప్రాసెసర్ తొంభై అయిదు, నూరు డిగ్రీల దగ్గరకు చేరితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. యంత్రం నెమ్మదించిందని కొత్తది కొనే ముందు ఫ్యాను రెక్కలలోని దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కు, ఫ్యానుకు మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చి చూడడం మంచిది. కొన్ని వందల రూపాయలతో తీరిపోయే బాధ అది.

కొత్త ప్రాసెసర్ రెండు రూపాల్లో దొరుకుతుంది. సీలు వేసిన పెట్టెలో వచ్చేదానికి తయారీదారు మూడేళ్ల వారంటీ ఇస్తాడు, చాలా రకాలకు ఫ్యాను కూడా అందులోనే ఉంటుంది. ట్రే అని పిలిచేది పెట్టె లేకుండా విడిగా వస్తుంది. దానికి తయారీదారు నేరుగా వారంటీ ఇవ్వడు, అంగడివాడి మాటే వారంటీ. ధరలో తేడా కొద్దిగానే ఉన్నప్పుడు ట్రే కొనవలసిన అవసరం కనబడదు. పెట్టె మీది వరుస సంఖ్య, లోపలి ప్రాసెసర్ లోహపు మూత మీది సంఖ్య సరిపోయాయో లేదో చూసుకోవాలి. వాడిన ఏఎం4 ప్రాసెసర్ కొనేటప్పుడు దాని అడుగున సూదుల వంటి పిన్నులు ఒకటైనా వంగి ఉన్నదేమో వెలుతురులో పరిశీలించాలి. ఇంటెల్‌లో, ఏఎం5లో పిన్నులు మదర్‌బోర్డు సాకెట్‌లో ఉంటాయి కనుక అక్కడ చూడవలసినది బోర్డునే.

బిల్లు, ఫిర్యాదు

డబ్బు చెల్లించే ముందు యంత్రాన్ని అంగడిలోనే నడిపించమని అడగాలి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్‌ఫార్మెన్స్ అన్న పలక చూస్తే ప్రాసెసర్ పూర్తి పేరు, కోర్ల సంఖ్య, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి. స్టిక్కరు అబద్ధమాడవచ్చు గాని ఆ పలక సాధారణంగా ఆడదు. మేస్త్రీ కూతురికి ఈ రెండు నిమిషాల పరిశీలన తెలిసి ఉంటే చీటీ డబ్బు నిలిచేది.

"బిల్లు వద్దంటే తగ్గించి ఇస్తా" అన్న మాట ఆ తర్వాత వస్తుంది. ప్రాసెసర్ మీద జీఎస్టీ 18 శాతం; పదివేల వస్తువు మీద పద్దెనిమిది వందలు. కుటుంబానికి ఆ మొత్తం పెద్దదే, ఆశ పుట్టడం సహజమే. కాని బిల్లు లేకపోతే వారంటీకి, ఫిర్యాదుకు ఆధారమే ఉండదు. బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి సంఖ్య, వరుస సంఖ్య, కొత్తదో వాడినదో, వారంటీ ఎన్నాళ్లో రాయించుకోవాలి. "ఐ5 కంప్యూటర్ సెట్" అని మాత్రమే రాసిన బిల్లు రేపు ఎవరికీ ఏమీ చెప్పదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే ముప్పై రోజులలోగా వెనక్కి తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వకపోవడమూ అటువంటిదే. గోడ మీద "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని వేలాడదీసిన బోర్డు లోపమున్న వస్తువు విషయంలో ఈ హక్కును తీసివేయలేదు. కొన్నవాడి మనసు మారితే మాత్రం ఆ హక్కు వర్తించదు.

వ్యాపారానికి కొన్నవారు వినియోగదారులు కారని అంగళ్లలో ఒక వాదన వినిపిస్తుంది. జిరాక్సు, డీటీపీ అంగళ్లు నడుపుకునే తెలుగువారు ఆ మాటకు బెదిరిపోతుంటారు. స్వయం ఉపాధి ద్వారా జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొన్న వస్తువును చట్టం వాణిజ్య ప్రయోజనంగా లెక్కించదు. ఒక్క యంత్రంతో తానే కూర్చుని పనిచేసుకునే వ్యక్తి వినియోగదారుడే.

మొదట అంగడికి లిఖితపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా, లోపాన్ని తెలియజేసి దాని నకలు దాచుకోవాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915; అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కొనుగోలుదారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు గనుక అంగడి మరో ఊరిలో ఉన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అడ్డంకి లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకొనడం తప్పనిసరి కాదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. బిల్లు, వారంటీ కార్డు, సంభాషణల నకళ్లు, టాస్క్ మేనేజర్ పలక ఫొటో జతచేయవలసిన పత్రాలు.